గర్భసంచి జారిందని మెష్ వేయించుకునే ముందు

గుంటూరు కొత్తపేటలోనో, విజయవాడ సూర్యారావుపేటలోనో డాక్టర్ ఆపరేషన్ అనగానే అమ్మతో సంతకం పెట్టించేయకండి. మెష్ (జారినదాన్ని పట్టి ఉంచే సన్నని ప్లాస్టిక్ వల) వేస్తారా, వేస్తే పొట్ట వైపు నుంచా, యోని వైపు నుంచా అని ముందు అడగండి. ఈ తేడా చాలా ముఖ్యం, ఎందుకంటే జారినదానికి యోని వైపు నుంచి వేసే మెష్ అమ్మకాన్ని అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2019 ఏప్రిల్‌లో ఆపించింది. ఆ వల యోని గోడను ఒరుసుకుని బయటికి రావడం, రక్తస్రావం, ఇన్ఫెక్షన్, కలయికలో నొప్పి కొందరికి ఏళ్ల తర్వాత కూడా మొదలవుతాయి, పూర్తిగా తీయాలంటే ఒక్క ఆపరేషన్ సరిపోకపోవచ్చు.

రింగ్ పెసరీతో (జారినదాన్ని నిలబెట్టడానికి యోనిలో పెట్టే రింగు) సరిపోతుందా, మెష్ లేకుండా కుట్టగలరా, అదీ అడగండి. అమ్మకు షుగర్ ఉంటే ఆపరేషన్‌కు ముందే అదుపులోకి తెచ్చుకోండి.

వేయించుకుంటే మెష్ స్టిక్కర్ (ఏ కంపెనీ మెష్, ఏ రకం అని ఉండే చీటీ), డిశ్చార్జ్ సమ్మరీ జాగ్రత్తగా దాచండి. తర్వాత రక్తం, దుర్వాసన, నొప్పి ఉన్నా అమ్మలు సిగ్గుతో చెప్పరు, మీరే అడగండి.