పాత బండి న్యూట్రల్ల ఆగిపోతుందా? స్లో స్క్రూ ముట్టకముందు ఇవి చూడుండ్రి

సంక్రాంతి ముందర పంతంగి టోల్ కాడ లైన్ల నిలబడితే తెలుస్తది పాత బండి సంగతి. హైవే మీద మంచిగనే ఉరికొచ్చిన మారుతి 800, జెన్, సాంత్రో అక్కడ న్యూట్రల్ చేయంగనే గడగడ వణుకుడు, ఇంత రేస్ ఇయ్యకపోతే బంద్, ఎనకనుంచి హారన్లు. మెకానిక్ కాడికి తీస్కపోతే బానెట్ లేపి స్లో, అంటే న్యూట్రల్ల ఇంజన్ తిరిగే స్పీడ్ (ఐడ్లింగ్), జర పెంచి పంపిస్తడు. కొన్నొద్దులు బాగనే ఉంటది, మళ్ల అదే కథ, పైకెళ్లి పెట్రోల్ ఎక్కువ తాగుతది. స్లో పెంచుడంటే జ్వరం గోలి ఏసి రోగాన్ని దాచిపెట్టినట్టే. ఆ స్క్రూ అన్నిటికంటే ఆఖరికి ముట్టాల్సింది. ఇది పెట్రోల్ బండ్ల ముచ్చట, డీజిల్‌ది వేరే లెక్క.

ముందుగాల ఎప్పుడు సతాయిస్తుందో పట్టుకోవాలె. పొద్దుగాల చల్లగున్నప్పుడేనా, వేడెక్కినంకనా, ఏసీ ఏస్తేనేనా, బ్రేక్ తొక్కితేనా? ఇది తెలిస్తే సగం పని అయినట్టే. ఇంకొకటి, బండి వణికినంత మాత్రాన ఐడ్లింగ్ ఖరాబైనట్టు కాదు. ఇంజన్ సౌండ్ ఒక్కతీరుగనే ఉండి స్టీరింగ్, సీటు మాత్రం ఊగుతుంటే ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లు పోయినట్టు. 800 ల ఉన్నవే 3 సిలిండర్లు, అది ఎంత మంచిగున్నా కొంచెం ఊగుతనే ఉంటది, దానికి పరేషాన్ కావద్దు.

ఇగ అసలుది, గాలి లీకు. పాత బండ్లల్ల నేను మొట్టమొదలు అనుమానించేది దీన్నే. న్యూట్రల్ల ఉన్నప్పుడు ఇంజన్ పీల్చే గాలే తక్కువ, అప్పుడు పగిలిన పైపులకెళ్లి ఇంత దొంగగాలి పోయినా పెట్రోల్ గాలి లెక్క తప్పుతది, అదే రేస్ ఇస్తే గాలి మస్తు పోతది కాబట్టి ఆ లీకు లెక్కలకే రాదు, అందుకే రోడ్డు మీద మంచిగుండి సిగ్నల్ కాడ సచ్చిపోతది. మన దిక్కు ఎండలకు రబ్బర్ పైపులు ఎండి పగుళ్లిస్తయి, చేన్ల కాడ కొట్టం కింద పెట్టే బండ్లకైతే ఎలుకలు కొరికినవి కూడ దొరుకుతయి. దానికి తోడు ఇప్పుడు బంకులల్ల వచ్చే ఈ20 పెట్రోల్ల 20 శాతం ఇథనాల్, పాత రబ్బర్‌కు అది పడది. కార్బొరేటర్ (గాలిల పెట్రోల్ కలిపే పాతకాలం డబ్బా) ఉన్న బండికైతే అదే జెట్టుతోని, అంటే పెట్రోల్ వచ్చే అదే సన్న రంధ్రంతోని, పెట్రోల్ గాలి మిక్చర్ ఇంకింత పల్చగైతది కూడ.

లీకు పట్టుడు ఎట్లంటే, హ్యాండ్ బ్రేక్ ఏసి, న్యూట్రల్ల స్టార్ట్‌ల పెట్టి, చెవి దగ్గర పెట్టి ఇనుండ్రి, స్... అని సౌండ్ వస్తదేమో. తర్వాత పూలకు నీళ్లు కొట్టే స్ప్రే డబ్బా తోని ఇంజన్‌లకు గాలి పొయ్యే మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్ మీద, పైపుల మూలల మీద కొద్దికొద్దిగ నీళ్లు కొట్టుండ్రి. ఎక్కడ కొట్టినప్పుడు ఇంజన్ సౌండ్ మారిందో అక్కడనే లీకు. కొందరు పెట్రోలో, క్లీనర్ స్ప్రేనో కొడ్తరు, వేడి ఇంజన్ మీద అది మంటలకు దారి, వద్దు. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్, ప్లగ్ వైర్ల మీద మాత్రం నీళ్లు పడనీయకుండ్రి. బ్రేక్ బూస్టర్‌కు (బ్రేక్ తొక్కుడు అల్కగ చేసే డబ్బాకు) పొయ్యే లావు పైపును ముక్కుప్లయర్‌తో మెల్లగ ఒత్తి పట్టి చూడుండ్రి, ఐడ్లింగ్ సాపైతే లీకు ఆ దిక్కే. అప్పుడు బ్రేక్ పెడల్ కూడ గట్టిగైతది, దాన్ని అస్సలు లైట్ తీస్కోవద్దు. ఫ్యాను కాడ చేతులు జాగ్రత్త, కరెంటు ఫ్యాను చెప్పకుండనే తిరుగుతది.

గాలి లీకు లేదంటే కరెంటు చూడాలె. ప్లగ్గులు ఇప్పితే రంగే చెప్తది: నల్లగ మసి పడితే పెట్రోల్ ఎక్కువ కాలుతుంది, తెల్లగుంటే మిక్చర్ పల్చగుంది, ఆయిల్ తడి ఉంటే లోపల పిస్టన్ రింగులో, వాల్వ్ సీళ్లో అరిగినట్టు. రాత్రి చీకట్ల బానెట్ లేపి స్టార్ట్ చేసి చూస్తే ప్లగ్ వైర్లల్ల లీకయ్యే కరెంటు నీలిరంగు మెరుపులెక్క కండ్లకే కనపడ్తది. ఒక్కొక్క ప్లగ్ వైరు పీకి చూసుడు కార్బొరేటర్ బండ్లకు నడిచింది గని ఎంపీఎఫ్ఐకి (కంప్యూటర్ లెక్కతోని ఇంజెక్టర్లు పెట్రోల్ కొట్టే బండ్లకు) చేయకుండ్రి, కాయిల్‌కు మంచిది కాదు, కాలని పెట్రోల్ పోయి సైలెన్సర్ల పొగను సాఫ్ చేసే కన్వర్టర్ పోతది. దానికి ఇంజెక్టర్ కనెక్టర్ తీసి చూడాలె. ఏ సిలిండర్ తీస్తే సౌండ్ మారదో అదే పని చేస్తలేదు.

ఎయిర్ ఫిల్టర్ గురించి పెద్దగ చెప్పేది లేదు, మిర్యాలగూడ మిల్లుల దిక్కు ఊక దుమ్ముల తిరిగే బండైనా, కల్వకుర్తి దిక్కు మట్టి రోడ్ల బండైనా ఫిల్టర్ మార్చనీకి కంపెనీ చెప్పిన కిలోమీటర్ల దాక ఆగొద్దు.

కార్బొరేటర్ బండి ఐడ్లింగ్ మొత్తానికే లేకుండ, రేస్ మీద మాత్రమే నడుస్తుంటే కార్బొరేటర్ విప్పుడెందుకు, ముందు ఫ్యూయల్ కట్ సోలనాయిడ్ (తాళంతోని పెట్రోల్ ఇడిచి, బంద్ చేసే కరెంటు వాల్వ్) వైరు చూడుండ్రి. తాళం ఆన్ చేసినప్పుడు టక్కుమని చప్పుడు రావాలె. రాలేదంటే వైరు ఊడిందో, ఫ్యూజ్ పోయిందో, సోలనాయిడే పోయిందో. చప్పుడొస్తుంటే స్లో జెట్‌ల చెత్త ఉన్నట్టు, అప్పుడు విప్పి గాలి కొట్టుడే.

ఎంపీఎఫ్ఐల అయితే ఇంజన్‌లకు గాలి ఇడిచే త్రాటిల్ బాడీ, న్యూట్రల్ల స్పీడ్ చూసుకునే ఐడిల్ వాల్వ్ మసి పట్టి బిగుసుకుంటయి, రేస్ ఇడువంగనే బంద్ అయితదంటే మొదలు దీన్నే క్లీన్ చేయించుండ్రి. చేసినంక ఏసీ లేకుండ కాసేపు, ఏసీతోని కాసేపు న్యూట్రల్ల నడపాలె, కంప్యూటర్ కొత్త లెక్క నేర్చుకుంటది.

ఇంకొకటి మన నల్లగొండ, పాలమూరు దిక్కుల ఎక్కువ చూసేది. రేడియేటర్‌ల బోర్ నీళ్లు పోసుడు. ఆ ఉప్పు పేరుకొని ఇంజన్ వేడెక్కుతది, మెకానిక్ థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాక నీళ్లను రేడియేటర్‌కు పోనియ్యని వాల్వ్) పీకి పడేస్తడు, ఇగ ఇంజన్ సరిగ వేడే కాదు. కంప్యూటర్ ఏమో ఇంజన్ ఇంకా చల్లగనే ఉందనుకొని పెట్రోల్ పోస్తనే ఉంటది, ఐడ్లింగ్ ఎక్కువ, మైలేజ్ తక్కువ. థర్మోస్టాట్ కొత్తది ఏయించి కూలెంట్ పోయించుండ్రి, టెంపరేచర్ సెన్సర్ కూడ అప్పుడే చెక్ చేయించుండ్రి.

ఇవన్నీ అయినంక కార్బొరేటర్ బండికి స్క్రూ. ఇంజన్ బాగ వేడెక్కాలె, ఏసీ, లైట్లు బంద్ ఉండాలె. బండి బుక్కుల రాసిన ఆర్పీఎంకు పెట్టుండ్రి, ఎక్కువ పెట్రోల్ బండ్లకు 750, 900 మధ్యలనే ఉంటది. ఆ తర్వాత ఏసీ ఆన్ చేస్తే జర పెరగాలె, పడిపోతే ఐడిల్ అప్ సోలనాయిడ్ పని చేస్తలేదు. అప్పటికీ ఒక సిలిండర్ కొట్టకపోతే ట్యాపెట్లు (వాల్వుల సందు) సెట్ చేయించి కంప్రెషన్ చూపియ్యుండ్రి, గ్యాస్ కిట్ ఎక్కించిన బండ్లకైతే వాల్వులు కాలి ఉండే చాన్స్ ఎక్కువ, హెడ్డు ఇప్పాల్సిందే.