ఘాట్ రోడ్డు ఎక్కకముందే కమురు వాసన సంగతి తేల్చుకోండి

మే నెలలో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. బడి పిల్లల సెలవులూ అప్పుడే వస్తాయి. ఇంటిల్లిపాదీ కూర్చున్న కారు, నెత్తిన సామాను, లోపల ఏసీ, ఎదురుగా అలిపిరి నుంచి తిరుమలకు సుమారు 18 కిలోమీటర్ల ఎత్తు దారి. ఊళ్లో తిరిగినన్నాళ్లూ బయటపడని చిన్న లోపం ఈ దారిలో మొదట వాసనగా తెలుస్తుంది. డ్యాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలగడం చాలాసార్లు ఆ తరువాతి మాట. అందుచేత ప్రయాణానికి వారం ముందే బండిని ఒకసారి పరీక్షించుకోవడం మంచిది.

బండిని ఓ అరగంట నడిపి, చదునైన చోట ఆపి, దిగి ముందు చక్రాల దగ్గర, బానెట్ దగ్గర, వెనుక సైలెన్సర్ దగ్గర వేరువేరుగా వాసన చూడాలి. వేడి సైలెన్సర్‌కు అంటుకున్న ప్లాస్టిక్ సంచి కూడా గుండెలదిరేటంత వాసన వేస్తుంది. చల్లారాక గీకేస్తే పోతుంది.

నూనె మాడిన కమురు వాసన వస్తే ఇంజన్ ఆయిల్ కారుతున్నదని అనుమానించాలి. ట్యాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) ప్యాకింగ్ గట్టిపడి పగిలినప్పుడు ఆయిల్ చుక్కచుక్కగా జారి, కాలిపోతున్న ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజన్ పొగ బయటికి పోయే గొట్టం) మీద పడి పొగలు కక్కుతుంది. ఆయిల్ మార్పించిన మరునాడు ఇదే వాసన వస్తే, పోసేటప్పుడు పైన ఒలికిన ఆయిల్ కాలిపోతుండవచ్చు. తుడిపించి రెండు మూడు ప్రయాణాలు చూసి, ఆయిల్ కొలిచే కడ్డీ అయిన డిప్ స్టిక్‌తో మట్టం తగ్గుతున్నదో లేదో గమనిస్తే ఏది నిజమో తేలిపోతుంది.

తియ్యటి వాసన ఇంజన్‌ను చల్లబరిచే ద్రవమైన కూలెంట్‌ది. హోస్ పైపుల మడతల వద్ద, రేడియేటర్ అంచుల వద్ద ఎండిన తెల్లని లేదా రంగు మరకలు దాని జాడను పట్టిస్తాయి. ఇక్కడ మన అలవాటొకటి చెప్పుకోవాలి. కొత్త బండికి కాణిపాకంలోనో అలిపిరి దగ్గరో పూజ చేయించి, పూలదండలతో ముందు జాలీని నిండా కప్పేసి అలాగే కొండెక్కుతారు. రేడియేటర్‌కు గాలి అందవలసిన దారి అదే. పూజ కాగానే దండ తీసి లోపల పెట్టుకుంటే భక్తికి లోటేమీ రాదు.

రబ్బరు కాలిన వాసనతో పాటు కీచుమనే చప్పుడు వస్తే ఇంజన్ బెల్టు జారుతున్నదని అర్థం. అది చవకైన మరమ్మతు, వాయిదా వేయకండి. ప్లాస్టిక్ లేదా వైరు కాలిన ఘాటు వాసన మాత్రం అన్నింటికన్నా ప్రమాదకరం. ఎలుకలు కొరికిన వైర్లు, షోరూమ్ బయట అతుకులు వేసి బిగించిన హారన్లు, లైట్లు దీనికి తరచు కారణాలు. ఫ్యూజు పోయిన చోట అంతకన్నా ఎక్కువ ఆంపియర్ల ఫ్యూజు గానీ, వైరు ముక్క గానీ పెట్టడమంటే కాలవలసిన ఫ్యూజును వదిలి వైరింగ్‌ను కాల్చుకోవడమే.

ఎక్కేటప్పుడు వచ్చే మాడు వాసన ఎక్కువసార్లు క్లచ్ ప్లేట్‌ది. ముందు వాహనాలు ఆగినప్పుడు హాఫ్ క్లచ్ (క్లచ్ సగం నొక్కి ఉంచడం) మీద బండిని నిలబెట్టే అలవాటే దాన్ని అరగదీస్తుంది; హ్యాండ్ బ్రేక్ వేసి న్యూట్రల్‌లో ఆగాలి. యాక్సిలరేటర్ నొక్కితే ఇంజన్ మోత పెరిగి వేగం పెరగకపోతే, ఆ క్లచ్‌తో కొండెక్కకూడదు.

దిగే దారి 1944లో ప్రారంభమైన మొదటి ఘాట్ రోడ్డు, మలుపులు ఎక్కువ. ఎక్కిన గేరులోనే, అంటే రెండు లేదా మూడులో, ఇంజన్ పట్టు మీద దిగితే బ్రేకులు కాలవు. పెట్రోలు కలిసివస్తుందని ఇంజన్ ఆపి దిగేవారు కొందరు ఇంకా ఉన్నారు. ఇంజన్ ఆగితే బ్రేకుకు సాయమిచ్చే వాక్యూమ్ తరిగి పెడల్ గట్టిపడుతుందని వారు గుర్తించాలి. బ్రేకులు కాలిన వాసన వస్తే సురక్షితమైన చోట ఆగి వాటంతట అవి చల్లారేదాకా ఉండాలి, నీళ్లు పోయరాదు. ఒక్క చక్రం దగ్గరే మిగతావాటికన్నా వేడి సెగ తగిలితే ఆ చక్రానికి బ్రేకు ప్యాడ్లను నొక్కే క్యాలిపర్ పట్టేసి ఉండవచ్చు, దాన్ని మెకానిక్‌కు చూపించాలి.

దారిలో టెంపరేచర్ ముల్లు ఎక్కుతుంటే ఏసీ ఆపి, హీటర్‌ను పూర్తిగా తిప్పి, చోటు దొరకగానే ఆపాలి. రేడియేటర్ మూతను కనీసం అరగంట ముట్టుకోకూడదు. లోపలి ఒత్తిడికి మరిగే నీరు ముఖాన చిమ్ముతుంది. పొగ కనబడితే ఇంజన్ ఆపి, ముందు అందరినీ దించి దూరంగా నిలపాలి. మంట ఉన్నదని తోస్తే బానెట్‌ను బార్లా తెరవకండి, లోపలికి గాలి పోయి మంట ఒక్కసారిగా లేస్తుంది. 112కు గానీ 101కు గానీ ఫోన్ చేయండి.

మరమ్మతు చేయించిన మరునాడే కొండకు బయలుదేరకండి. కొత్త క్లచ్ ప్లేట్‌కూ, బ్రేక్ ప్యాడ్లకూ మొదట్లో కొంత వాసన సహజమే. అలాంటప్పుడు కొత్త లోపం వల్ల వచ్చే వాసనను విడిగా పోల్చుకోలేరు. నాలుగైదు రోజులు ఊళ్లో తిప్పి, వాసన పూర్తిగా ఆగిన తరువాతే అలిపిరి వైపు మళ్లించండి.