స్నేహితులతో కొండెక్కుతూ దేవుని సన్నిధిలో ఒక రోజు గడపాలంటే

స్నేహితులతో కొండెక్కి, ఆ రోజును దేవునితో కూడా గడుపుదాం అనుకున్నప్పుడు చాలామంది ముందు ఏ పాటలు పాడాలి, ఏ వాక్యం చదవాలి, ఎవరు ప్రార్థన చేయాలి అని ఆలోచిస్తారు. అవన్నీ తర్వాత. మీలో అందరికంటే నిదానంగా నడిచేది ఎవరో ముందు చూడండి. దారి, టైం, ఎక్కడ ఆగాలి, ఎంత చదవాలి అన్నీ ఆ ఒక్కరిని బట్టే పెట్టుకోండి. గబగబా నడిచేవాళ్లు ముందే వెళ్లి కూర్చుని, వెనకున్న మనిషి రొప్పుతూ వచ్చేసరికి లేచి బయల్దేరితే అతనికి ఆ రోజంతా రెస్ట్ ఉండదు, పక్కన మాట్లాడే తోడూ ఉండదు. పైకెళ్లాక సహవాసం గురించి ఎంత బాగా చెప్పినా అతని చెవికెక్కదు.

టైం లెక్కకు స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది: 5 కిలోమీటర్ల నడకకు ఒక గంట, పైకెక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. అంటే 10 కిలోమీటర్ల దారిలో 600 మీటర్లు ఎక్కాలంటే 3 గంటలు. కానీ ఇది ఆగకుండా నడిచే, బాగా అలవాటున్న మనిషి లెక్క. మీ గుంపుకైతే దానికి ఇంకో సగం కలపండి, తినడానికి, ధ్యానానికి విడిగా గంటన్నర పెట్టుకోండి. చీకటి పడటానికి రెండు గంటల ముందే కిందికి చేరేలా చూసుకుని, ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలో ఇంటి దగ్గరే అందరూ ఒప్పుకోండి. ఆ టైం అయితే శిఖరం ఎదురుగా కనిపిస్తున్నా వెనక్కే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆకాశం నల్లబడుతుంటే "ప్రార్థన చేసుకుని వెళ్దాం, ఏం కాదు" అనేవాళ్లు ప్రతి గుంపులో ఒకరుంటారు. దేవాలయ శిఖరం మీద నుంచి దూకమని సాతాను లేఖనం చూపించి మరీ అడిగితే, దేవుణ్ణి శోధించకూడదని యేసు జవాబిచ్చాడు. వాతావరణ సూచన చూసి ఆగిపోవడం అవిశ్వాసం కాదు. ఉరుము వినిపిస్తే శిఖరం, గట్టు, ఒంటరి చెట్టు వదిలేసి వెంటనే దిగండి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాల దాకా మళ్లీ పైకి వెళ్లొద్దు. 2,500 మీటర్లు దాటే కొండలైతే తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం తేలిగ్గా తీసుకోవద్దు. అవి ఎత్తు పడకపోవడానికి గుర్తులు, ఇంకా పైకి తీసుకెళ్లకూడదు, తగ్గకపోతే కిందికి దింపాలి.

బ్యాగులో గంటకు సుమారు అర లీటరు చొప్పున నీళ్లు, తిండి, వాన జాకెట్, వెచ్చటి బట్ట ఒకటి, టార్చ్, కాళ్ల బొబ్బలకు టేప్. కాటన్ బట్టలు చెమటను పట్టుకుని ఒంటిని చల్లబరుస్తాయి, వద్దు. ఎటు వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లండి.

గుంపులో ఇంకా నమ్మకంలోకి రాని స్నేహితులుంటే దారిలో వాక్యం చదువుతామని, ప్రార్థన ఉంటుందని పిలిచేటప్పుడే చెప్పండి. పైకి తీసుకెళ్లి, తప్పించుకునే దారి లేని చోట సువార్త చెప్పడం నాకు అస్సలు నచ్చదు. ముందే తెలిసి వచ్చినవాళ్లు మనసు విప్పి అడుగుతారు.

బయల్దేరే ముందు, కొండ కిందే నిలబడి 121వ కీర్తన ఒకరు బిగ్గరగా చదవండి. వివరణ వద్దు. 120 నుంచి 134 వరకు ఉన్న 15 యాత్రకీర్తనల్లో, అంటే యెరూషలేముకు ఎక్కి వెళ్లే యాత్రికుల పాటల్లో అదొకటి, నడక మొదలుపెట్టేవాళ్ల నోట అది దానంతటదే అర్థమవుతుంది. తర్వాత మొదటి అరగంట ఎవరూ మాట్లాడకుండా నడవండి. నిదానస్తుణ్ణి దారి చూపేవాడి వెనకే పెట్టండి, ఓపికున్న ఒకరు అందరికంటే చివర ఉండాలి. మౌనం అయ్యాక మాట్లాడుకుంటూ నడవండి, పూర్తి వాక్యం చెప్పలేక మధ్యలో ఊపిరి తీసుకుంటున్నారంటే వేగం ఎక్కువైనట్టే.

సగం దారిలో ఆగినప్పుడు 1 రాజులు 19వ అధ్యాయం తీయండి, కానీ ముందు తినండి. ఆ అధ్యాయంలోనూ వరుస అదే. ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని దేవుణ్ణి అడిగిన ప్రవక్త ఏలీయాను దేవదూత మందలించలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చాడు, రెండోసారి లేపి ఈ ప్రయాణం నీ శక్తికి మించినదని ఒప్పుకుని మరీ తినమన్నాడు. హోరేబు కొండ, గాలి, భూకంపం, అగ్ని, ఆ తర్వాత నిమ్మళమైన స్వరం, అవన్నీ తిండీ నిద్రా అయ్యాకే. అలసి కూర్చున్నవాళ్లకు ఈ భాగం చదివి వినిపిస్తే ఎవరూ ప్రసంగం చేయక్కర్లేదు. "మీరు ఈ మధ్య ఎక్కడ అలసిపోయారు?" అని ఒక్క ప్రశ్న అడిగి వదిలేయండి. చెప్పాలనుకున్నవాళ్లు చెప్తారు, మిగతావాళ్లను బలవంతపెట్టొద్దు.

పైకి చేరగానే చెమట ఆరకముందే జాకెట్ వేసుకోండి, ఎక్కే ప్రతి 1,000 మీటర్లకు సుమారు 6.5 డిగ్రీలు చలి పెరుగుతుంది, గాలి ఉంటే ఇంకా ఎక్కువ. ప్రార్థన చిన్నదిగా ఉండనివ్వండి, తలా ఒక వాక్యం చాలు.

దిగేటప్పుడు జాగ్రత్త ఎక్కువ కావాలి, మోకాళ్లు, వేళ్లు నొప్పిపెట్టేది అప్పుడే. చీలమండ దగ్గర లేసులు బిగించి కట్టుకుంటే కాలు ముందుకు జారి వేళ్లు బూటుకు తగలవు. అసలైన మాటలు కూడా దిగేటప్పుడే వస్తాయి, ఒకరి ముఖం ఒకరు చూడక్కర్లేదు కదా. ఒకసారి మా స్నేహితుడు లేసు కట్టుకోవడానికి వంగి, తల ఎత్తకుండానే, అమ్మ పోయినప్పటి నుంచి ప్రార్థన చేయలేకపోతున్నా అన్నాడు. లేసు ముడి పడిపోయింది, అయినా చేతులు అక్కడే ఆడుతున్నాయి. అలాంటప్పుడు వెంటనే వాక్యం వెతకొద్దు. పిల్లల్ని, ఆస్తిని పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు నోరు తెరవక ముందు ఏడు రాత్రింబగళ్లు అతని పక్కన నేల మీద కూర్చున్నారు, వాళ్లు చేసిన మంచి పని అదే. మేమిద్దరం ఆ రాళ్ల మీదే కూర్చున్నాం, చివర నడిచే అన్న కాస్త దూరంలో ఆగి, ముందున్నవాళ్లను ఆగమని కేకేశాడు.

లూకా 9లో పేతురు కొండ మీదే ఉండిపోయేలా పర్ణశాలలు కడదామన్నాడు, కానీ మరునాడు దిగేసరికి ఒక తండ్రి తన ఒక్కగానొక్క కొడుకు కోసం మొరపెట్టుకుంటూ ఎదురొచ్చాడు, యేసు ఆ పిల్లవాణ్ణి బాగుచేశాడు. కాబట్టి దారిలో ఎవరైనా బరువైన మాట చెప్పి ఉంటే ఆ వారంలోనే ఫోన్ చేయండి, వీలైతే వెళ్లి కలవండి. అతను ఒప్పుకోకుండా ఆ సంగతి ప్రార్థన అంశమంటూ గ్రూపులో పెట్టకండి.