ఐరన్ షాట్ తర్వాత డివట్‌ను చదవడం ఎలా

గోల్ఫ్‌లో ఐరన్‌తో (లోహపు పలక లాంటి తల ఉన్న క్లబ్, అంటే బంతిని కొట్టే కర్ర) కొట్టిన వెంటనే అందరి చూపూ బంతి వెంటే పోతుంది. బంతి అలా ఎందుకు వెళ్లిందో చెప్పే ఆనవాలు మాత్రం కాళ్ల దగ్గరే పడి ఉంటుంది. డివట్ అనే మాటను లేచిపోయిన గడ్డిపెళ్లకూ, దాని చోట మిగిలిన గుంటకూ కూడా వాడతారు కానీ, మనం చదవవలసింది గుంటనే. కింద చెప్పినదంతా కుడిచేతి ఆటగాళ్లకు వర్తిస్తుంది. ఎడమచేతి వారు కుడిఎడమలను తారుమారు చేసుకోవాలి.

అన్నిటికన్నా ముందు గుంట ఎక్కడ మొదలైందో చూడండి. దీన్ని తేల్చుకోవడానికి ప్రాక్టీసు మైదానంలో, నిర్వాహకులను అడిగి, గడ్డి మీద ముగ్గుపిండితో లక్ష్యానికి అడ్డంగా ఒక గీత గీయండి. బంతి ఉండే చోటుకు గీత సరిపోయేలా నిలబడి, బంతి లేకుండానే 7 ఐరన్‌తో (మధ్యస్థ ఐరన్లలో ఒకటి) స్వింగ్ చేసి, గీత వెంబడే ఒక అడుగు జరిగి మళ్లీ చేయండి. ఇలా పదిసార్లు చేశాక వెనక్కి వెళ్లి చూస్తే, గుంటలు గీత మీద గానీ దానికి కాస్త అవతల, లక్ష్యం వైపున గానీ మొదలై ఉండాలి. ఆరితేరిన ఆటగాళ్లు మధ్యస్థ ఐరన్లతో కొట్టినప్పుడు క్లబ్ అత్యంత కిందికి దిగే చోటు, అంటే దిగువ బిందువు, బంతికి సుమారు 3, 4 అంగుళాల అవతల ఉంటుంది కనుక, క్లబ్ ముందు బంతిని తాకి ఆ తర్వాతే నేలను కోస్తుంది.

గుంటలు గీతకు ఇవతలే మొదలవుతుంటే క్లబ్ బంతి కన్నా ముందు మట్టిని తాకుతున్నట్టే. ఆటలో ఫ్యాట్ షాట్ అనేది ఇదే. క్లబ్ దిగేటప్పుడు బరువు కుడికాలి మీదే ఉండిపోవడం, మణికట్ల మడత తొందరపడి విడిపోవడం, బంతిని చేతులతో పైకి లేపాలని చూడడం దీనికి ప్రధాన కారణాలు. బంతిని లేపే పని క్లబ్ ముఖానికి ఉన్న వాలు చూసుకుంటుంది. మీరు చేయవలసింది బంతిని తాకేసరికే బరువు ఎడమకాలి మీదికి చేరేలా చూసుకోవడం. అసలు గుంటే పడకపోతే రెండు సంగతులు ఉండవచ్చు: బంతి శుభ్రంగా ఎగురుతుంటే మీరు నేలను ఒరుసుకుంటూ కొట్టే రకం, అందులో తప్పేమీ లేదు, బంతి నేలబారుగా దూసుకుపోతుంటే మాత్రం దిగువ బిందువు ఇక్కడా వెనకే ఉంది, బంతిని చేరేసరికి క్లబ్ పైకి లేస్తోంది.

డ్రైవింగ్ రేంజిలో (గోల్ఫ్ సాధన స్థలం) కృత్రిమ గడ్డి మ్యాట్ మీద సాధన చేసేవారికి ఈ తప్పు చాలాకాలం తెలియదు. బంతికి రెండంగుళాల వెనక తగిలినా క్లబ్ అడుగుభాగం మ్యాట్ మీద జారి బంతిని చేరుకుంటుంది, షాట్ బాగానే అనిపిస్తుంది. వారానికి ఒక్కసారైనా గడ్డి మీద కొట్టమని చెప్పేది అందుకే.

లోతు విషయానికి వస్తే, చిత్రిక పట్టినప్పుడు లేచే చెక్కపేడులా పెళ్ల పలచగా, పొడవుగా లేవాలి. పారతో తవ్వినట్టు లోతుగా పడితే క్లబ్ మరీ నిటారుగా దిగుతోందని గానీ, బంతిని కుడికాలి వైపు మరీ వెనక పెట్టుకున్నారని గానీ అనుమానించవచ్చు. వానాకాలంలో నాని ఉన్న నేల లోతుగా తెగుతుంది, ఎండాకాలంలో గట్టిబడిన నేల గీరుకుని ఊరుకుంటుంది. కనుక లోతును ఒక్కరోజు చూసి తీర్పు చెప్పకూడదు.

గుంట అడ్డకొలతలో ఒక పక్క ఎక్కువ లోతుగా ఉందేమో కూడా వంగి చూడండి. మీకు దూరంగా ఉన్న అంచు, అంటే క్లబ్ తల కొస వైపు లోతుగా ఉంటే, ఆ క్లబ్ కర్ర నేలతో చేసే కోణం మీకు మరీ చదునుగా ఉండవచ్చు. క్లబ్ తల మడమ (కర్ర అతికే పక్క) వైపు, అంటే మీకు దగ్గరి అంచు లోతుగా ఉంటే మరీ నిటారుగా ఉండవచ్చు. చేతుల ఎత్తు వల్ల కూడా ఇలా జరుగుతుంది. పదే పదే ఇదే కనిపిస్తేనే క్లబ్బులు సరిచేసేవారి దగ్గరకు వెళ్లండి.

ఇక దిశ. అందరూ తప్పుగా చదివేది దీన్నే. నా గుంటలు లక్ష్యానికి కాస్త ఎడమకు చూస్తున్నాయని, క్లబ్ బయటి నుంచి లోపలికి, అంటే నాకు దూరపు వైపు నుంచి నా వైపుకు, వస్తోందని తీర్మానించుకుని, నేను కొన్ని నెలలు స్వింగును కుడికి తిప్పే పనిలో పడి, బాగున్నదాన్ని చెడగొట్టుకున్నాను. క్లబ్ ఏటవాలు చక్రం మీద తిరుగుతుంది: దిగువ బిందువు వచ్చే వరకు కిందికీ బయటికీ, అది దాటాక పైకీ లోపలికీ పోతుంది. బంతి తగిలేది దిగువ బిందువుకు ముందు, నేల తెగేది బంతి తర్వాత. కనుక 7 ఐరన్‌తో సుమారు 4 డిగ్రీలు కిందికి కొట్టేవారికి, బంతి దగ్గర క్లబ్ దారి తిన్నగా ఉన్నా గుంట 2, 3 డిగ్రీలు ఎడమకు చూస్తుంది. అది దోషం కాదు.

గుంట బాగా ఎడమకు తిరిగి ఉన్నప్పుడు కూడా బంతి ప్రయాణాన్ని పక్కన పెట్టి చూడకూడదు, ఎందుకంటే బంతి ఎటు బయలుదేరాలో ఎక్కువగా నిర్ణయించేది క్లబ్ ముఖం. గుంటా ఎడమకే, బంతీ తిన్నగా ఎడమకే పోతే ముఖం, దారి ఒకే వైపు చూస్తున్నాయి. నిలబడినప్పుడు భుజాలే ఎడమకు తిరిగి ఉన్నాయేమో ముందు చూసుకోండి. గుంట ఎడమకు ఉండి బంతి కుడికి వంగితే ముఖం దారికన్నా తెరుచుకుని, అంటే కుడికి తిరిగి ఉంది. అప్పుడు సరిచేయవలసిన మొదటి సంగతి క్లబ్‌ను పట్టుకునే తీరు.

చదవడం అయ్యాక గుంటను అలా వదిలేయకండి. వేడి ప్రాంతాల మైదానాల్లో కనిపించే బెర్ముడా గడ్డి మనం వినాయకుడికి సమర్పించే గరిక జాతిదే. తీగలు పాకి తనంతట తానే కమ్ముకుంటుంది కనుక గుంటలో ఇసుక నింపి, చుట్టూ ఉన్న నేలకు సమంగా బూటుతో అదిమితే చాలు. మీరు నింపకుండా వదిలిన గుంటలో వెనక వచ్చేవారి బంతి పడితే, ఉచితంగా జరుపుకునే వీలు నియమాల్లో లేదు, ఉన్నచోటి నుంచే కొట్టాలి.