‘వెంట్’ను ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు

మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఇంగ్లిష్ చెబుతాను. మా పిల్లలు అన్నింటికంటే ఎక్కువగా తడబడేది ‘గో’ అనే చిన్న క్రియ దగ్గరే. క్రియల పట్టికను గడగడా అప్పజెప్పిన పిల్ల కూడా సొంతంగా వాక్యం రాయమంటే “ఐ డిడ్ నాట్ వెంట్” అని రాస్తుంది. ‘గో’కు భూతకాలం ‘వెంట్’ అని పట్టిక చెబుతుంది కానీ, ‘వెంట్’ ఎక్కడ రాకూడదో చెప్పదు. నేర్పవలసింది అదే.

‘వాక్’ ‘వాక్డ్’ అయినట్టు ‘గో’ ‘గోడ్’ ఎందుకు కాదని పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్న, దాటవేయకండి. ‘వెంట్’ అసలు ‘వెండ్’ అనే వేరే పాత క్రియకు భూతకాలం. సెండ్–సెంట్, స్పెండ్–స్పెంట్, లెండ్–లెంట్, ఆ వరసలోనే వెండ్–వెంట్. ‘గో’కు పూర్వం ఉన్న భూతకాల రూపం వాడుకలోంచి జారిపోయింది. 15వ శతాబ్దం ముగిసేసరికి దాని స్థానంలో ‘వెంట్’ స్థిరపడింది. ఈ వరసను బోర్డు మీద రాసి చూపిస్తే ‘గోడ్’ అనేవాళ్ళు తగ్గిపోతారు.

వెళ్ళాను, వెళ్ళాడు, వెళ్ళింది, వెళ్ళారు: అన్నింటికీ ‘వెంట్’ ఒక్కటే. “నిన్న కురుమూర్తి జాతరకు వెళ్ళాను” అన్నప్పుడు ఎవరు వెళ్ళారో మన క్రియే చెబుతుంది. ‘వెంట్’ చెప్పదు కనుక ముందు ‘ఐ’ ఉండి తీరాలి. “ఏటా వెళ్ళేవాళ్ళం” అనడానికి కూడా అదే పనికొస్తుంది: “వి వెంట్ టు కురుమూర్తి ఎవ్రీ ఇయర్.”

ఇక ‘డిడ్’ సంగతి. దీనికి తెలుగులోనే దారి ఉంది. ‘వెళ్ళాను’ను కాదనాలంటే ‘వెళ్ళాను లేదు’ అనం, ‘వెళ్ళలేదు’ అంటాం. ‘వెళ్ళాను’లోని భూతకాలపు గుర్తు పోయి ‘వెళ్ళ’ మాత్రమే మిగిలింది. ఇంగ్లిష్‌లోనూ ఇంతే. కాలాన్ని ‘డిడ్’ చెప్పేసింది కనుక క్రియ మళ్ళీ ‘గో’ అవుతుంది: “ఐ డిడ్ నాట్ గో.” ప్రశ్న కూడా ఇలాగే: “డిడ్ యు గో టు పిల్లలమర్రి?” అయితే అవునని చెప్పే వాక్యంలో ‘డిడ్’ ఉండదు, అక్కడ ‘వెంట్’ రావాలి: “ఎస్, ఐ వెంట్ ఆన్ సండే.” నేను పిల్లలను జంటలుగా నిలబెట్టి ఒకరిచేత ‘డిడ్’తో అడిగిస్తాను. రెండోవాళ్ళు మొదట కాదని, తర్వాత అవునని చెప్పాలి. నోటితో పలికాకే రాయిస్తాను. రాతతో మొదలుపెడితే పట్టికలో చదివిన ‘వెంట్’ ముందుకు తోసుకొస్తుంది.

‘హ్యావ్’, ‘హ్యాజ్’ పక్కన కూడా ‘వెంట్’కు చోటు లేదు. అక్కడ ‘గాన్’ కానీ ‘బీన్’ కానీ రావాలి. ఈ రెండింటికీ తేడా మా పాలమూరు పిల్లలకు తప్పకుండా తెలియాలని నా పట్టుదల, ఎందుకంటే ఇది వాళ్ళ ఇంటి సంగతి. ముంబై, పుణెలకు పనికి వెళ్ళే కుటుంబాల పిల్లలు మా బడిలో ఉన్నారు. “మై ఫాదర్ హ్యాజ్ గాన్ టు ముంబై” అంటే నాన్న ఇంకా అక్కడే ఉన్నాడు. “మై ఫాదర్ హ్యాజ్ బీన్ టు ముంబై” అంటే వెళ్ళి తిరిగొచ్చాడు. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం నాన్న పెడతాడా, నాయనమ్మ వేలిముద్ర వేస్తుందా అన్నది ఆ ఒక్క మాటతోనే నాకు తెలిసిపోతుంది. ఎప్పుడు వెళ్ళాడో కూడా చెప్పాలంటే ‘హ్యాజ్’ తీసేసి ‘వెంట్’ పెట్టాలి: “హి వెంట్ టు ముంబై లాస్ట్ మంత్.” ‘లాస్ట్ మంత్’, ‘ఎస్టర్డే’ లాంటి మాటల పక్కన ‘హ్యాజ్ గాన్’ పొసగదు.

మరొక్కటి. ‘ఇంటికి’లో ‘కి’ ఉంది కదా అని ‘వెంట్ టు హోమ్’ అని రాస్తారు. ‘వెంట్ హోమ్’ అంటే చాలు, ‘వెంట్ దేర్’ కూడా అంతే. ‘వెంట్ టు మై హౌస్’ అన్నప్పుడు మాత్రం ‘టు’ ఉండాలి.