కాపీరైట్ నోటీసు వస్తే ముందు ఏం చేయాలి

నా పేజీలో పెట్టిన పిచ్చుక ఫొటోకి డబ్బు కట్టమని, 14 రోజులే గడువని ఉత్తరం వచ్చింది. చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. మీకూ వస్తే వెంటనే కట్టేయకండి, అలాగని పక్కన పడేయకండి. అది కోర్టు ఉత్తర్వు కాదు, అవతలివాళ్ల డిమాండు. కోర్టు కాగితాలే వస్తే మాత్రం ఆ రోజే లాయర్ దగ్గరికి వెళ్లండి.

ముందు స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి, తర్వాతే ఫొటో తీసేయండి. హక్కు వాళ్లదేనని రుజువు, ఆ మొత్తం ఎలా లెక్కగట్టారో పంపమని మర్యాదగా రాయండి. రిజిస్టర్ చేయలేదుగా అని వాదించకండి, హక్కు పుట్టడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

లైసెన్సు తప్పక చదవండి. నాది క్రియేటివ్ కామన్స్ 4.0 ఫొటో, అంటే షరతులు పాటిస్తే ఎవరైనా వాడుకోవచ్చని ముందే అనుమతి ఇచ్చినది. ఫొటోగ్రాఫర్ పేరు రాయాలన్నది ఒక షరతు, నేను రాయలేదు. తప్పు తెలిసిన 30 రోజుల్లో సరిదిద్దితే ఆ అనుమతి మళ్లీ వస్తుంది. పాత వాడకానికి మాత్రం వాళ్లు అడగొచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం, ఎవరికైనా చెప్పండి. సిగ్గుతో వారం దాచి, చివరికి పక్షుల ఫొటోలు తీసే స్నేహితురాలికి చెప్పాను. తను లోపలికెళ్లి అలాంటి ఉత్తరమే తెచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే వాక్యాలన్నీ ఒకటే! ఇప్పుడు ఐదుగురం ఆదివారాలు కూర్చుని ఒకరి జవాబులు ఒకరం దిద్దుకుంటున్నాం.