రోమన్ కాలపు ఎనామెల్ పని – నాలుగవ పాఠం: మళ్ళను నింపడం

గత పాఠంలో మందపాటి రాగి రేకుపై గుండ్రని నమూనాను గీసి, రంగు ఉండవలసిన చోట్లను అర మిల్లీమీటరుకు మించకుండా తవ్వుకున్నాము. తవ్వకుండా మిగిల్చిన సన్నని రాగి అంచులను గట్లనీ, వాటి మధ్య గుంటలను మళ్ళనీ పిలుచుకున్నాము కనుక, ఇకపైనా అవే మాటలు వాడుదాము.

మన నమూనాకు ఆధారమైన పాత్ర 2003లో ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్‌లో, ఇలామ్ పరిసరాల్లో దొరికింది. క్రీ.శ. 2వ శతాబ్దానికి చెందిన ఆ చిన్న కంచు గిన్నె అంచు కింద, బ్రిటన్‌లో రోమన్లు సరిహద్దుగా కట్టిన హాడ్రియన్ గోడ పశ్చిమ భాగంలోని నాలుగు కోటల పేర్లు, మైస్, కొగ్గబాటా, ఉక్సెలోడునుమ్, కమ్మోగ్లాన్నా, వరుసగా ఉన్నాయి. పిడి, అడుగు పోయినా ఎరుపు, నీలం, ఫిరోజా, పసుపు రంగుల ఎనామెల్, అంటే లోహంపై కరిగించి అతికించిన గాజు, చాలావరకు నిలిచే ఉంది. యార్క్‌షైర్‌లోని కాసిల్‌ఫర్డ్‌లో బయటపడిన మట్టి అచ్చులను బట్టి చూస్తే, ఇటువంటి పాత్రల మళ్ళను పోత పోసేటప్పుడే ఏర్పరచేవారని తెలుస్తుంది. అంటే మనం పడిన చెక్కుడు శ్రమలో ఎక్కువ భాగం వారికి అచ్చులోనే తీరిపోయేది.

3వ శతాబ్దపు గ్రీకు రచయిత ఫిలోస్ట్రాటస్, మహాసముద్ర తీరవాసులు కాగిన కంచుపై రంగులు పోస్తారని, అవి రాయిలా గట్టిపడతాయని రాశాడు. మీరు మాత్రం ‘పోయడం’ అనే మాటను నమ్మి కరిగిన గాజు జోలికి వెళ్ళకండి. మన పద్ధతిలో గాజు పొడిగా చేరి, మడిలోనే కరగాలి.

సీసం లేని ఎనామెల్ పొడినే కొనండి. పొడి చేతబట్టినప్పుడల్లా ముక్కుకు మాస్కు తప్పనిసరి. పొడిలో నీళ్ళు పోసి, కలిపి, పైకి తేలిన మసకనీటిని వంపేయండి. నీరు తేటగా వచ్చేవరకు ఇలాగే కడగాలి. ఈ పనిలో తొందరపడితే రంగు మబ్బుగా వస్తుంది, తరువాత దాన్ని సరిచేయలేము. తడి పొడిని సన్నని కుంచెతో ముందు మడి మూలల్లోకి, తరువాత మధ్యకు చేర్చి, అద్దుడు కాగితం అంచును గట్టుకు ఆనించి నీటిని లాగేయండి. రేకు పూర్తిగా ఆరకుండా కొలిమిలో పెడితే, లోపలి తేమ ఆవిరై పొడిని బయటికి చిమ్ముతుంది.

కొలిమి వేడి సుమారు 800 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. రెండు మూడు నిమిషాలలో పొడి నల్లబడి, ఆపై నారింజ తొక్కలా గరుకుగా మారి, చివరకు నునుపుగా మెరుస్తుంది. ఆ మెరుపు కనబడగానే తీసేయండి. రేణువుల మధ్య గాలి పోవడంతో గాజు మట్టం గట్టు కంటే కిందికి దిగుతుంది. అది లోపం కాదు, మళ్ళీ నింపి కాల్చండి. సాధారణంగా మూడు విడతలు పడుతుంది.

ఎరుపును చివరి విడతలకు అట్టిపెట్టండి. రోమన్ కాలపు ఎరుపు గాజుకు ఆ రంగు ఆక్సిజన్ తక్కువైన స్థితిలోని రాగి వల్లే వచ్చేది. గాలి తగిలే వేడిలో ఎక్కువసేపు ఉంటే అది చెడిపోయేది. నేటి ఎరుపు పొడులు కూడా అతివేడికి నల్లబడతాయి.

చివరి కాల్పు తరువాత గాజు గట్టు కంటే వెంట్రుకవాసి ఎత్తుగా ఉండేలా చూసుకుని, రేకును నెమ్మదిగా చల్లారనివ్వండి. ఆ మిగులును నీటి కింద సానరాయితో అరగదీయడం ఐదవ పాఠంలో నేర్చుకుందాము.